పైపు తొడిగి బిగించిన ప్లగ్గు

ఆక్సిజన్ సిలిండర్ మీది ముల్లు ఎర్రగీత దగ్గరికి జారింది. నింపే దుకాణానికి ఆమె ఫోన్ చేస్తే, "పంపడానికి మనిషి లేడమ్మా, మీరే వచ్చి తీసుకెళ్లాలి" అన్నారు. ఇంట్లో ఉన్న కారేమో పొద్దున గేటు దాటకముందే దగ్గి దగ్గి ఆగిపోయింది.

"దగ్గడానికి నాకో తోడు దొరికింది" అన్నాడు ఆమె భర్త, కిటికీ పక్క మంచం మీంచి. ముక్కుకి గొట్టం. ఊపిరితిత్తులు చెడేదాకా లారీ ఇంజన్లు బాగుచేసి బతికిన మనిషి. "స్పార్కు ప్లగ్గులు పోయుంటాయి. అలమారలో కొత్తవున్నాయి. నేను చెప్తుంటా, నువ్వు మార్చెయ్."

ఆమె మార్చింది. ఒక్కో ప్లగ్గునీ ఇక కదలననేదాకా వేళ్లతోనే తిప్పి, ఆపైన పానాతో కాస్త బిగించింది. వాషరు నలిగి కూర్చోవడం అరచేతికి తెలుస్తూనే ఉంది. ఆఖరిదీ అలాగే కూర్చుంది.

"అయిపోయిందండీ."

"అప్పుడేనా? అదేమన్నా నూనె సీసా మూతా? పానాకి పైపు తొడిగి, పిడి పొడుగు చేసి లాగు. లారీ బోల్టుల్ని మేం అట్లాగే బిగించేవాళ్లం."

"చాలని చేతికి తెలుస్తోంది."

"దారిలో అది ఊడితే, నీ చెయ్యొచ్చి నాకు ఊపిరి పోస్తుందా?"

ఆమె పానా పిడికి ఇనప పైపు తొడిగి, ఒళ్లు బరువంతా వేసి లాగింది. కిర్రుమంది. మరుక్షణం చెయ్యి తేలికైపోయింది.

"బిగిసిందా?"

ఆమె పానాని కొద్దిగా తిప్పి చూసింది. ప్లగ్గు ఊరికే గిర్రున తిరుగుతోంది. బయటికి తీస్తే, దాని మరల గీతల నిండా వెండి పీచులాంటి లోహం చుట్టుకుని ఉంది. కిటికీ దగ్గరికి తెచ్చి చూపించింది.

ఆయన ఆ పీచుని గోటితో గీకి చూశాడు.

"లారీ ఇంజన్ ఇనుము" అన్నాడు. "ఇది అల్యూమినియం. మెత్తనిది. ప్లగ్గు పట్టే మరలు తెగిపోయాయి. లారీ అనుకున్నానే నేను."

అయినా ప్లగ్గు తిరిగి పెట్టి, తాళం తిప్పి చూసింది. ఇంజన్ అందుకుందో లేదో, ప్లగ్గు ఎగిరి బానెట్‌కి ఠాప్పున తగిలింది.

పక్కింటికి తాళం. ఎదురింట్లోనూ ఎవరూ లేరు. ఆమె అంతకుముందే అయిపోయిన ఇంకో సిలిండర్‌ని భుజానికెత్తుకుని రోడ్డు వైపు నడిచింది. గేటు దగ్గర తిరిగి చూసింది. కిటికీలో ఆయన చెయ్యి మంచం పక్క సిలిండర్ తిప్పుడు మర మీద ఉంది. ఉన్న గాలి ఇంకాస్త సేపు రావాలని తగ్గిస్తున్నాడు.

వద్దని ఆమె అరవలేదు. అరిస్తే ఆయన జవాబు చెప్తాడు. దానికీ గాలి కావాలి.