కాస్త నోటితో చేసి చూపించండి

“కాస్త నోటితో చేసి చూపించండి” అన్నాడు రాఘవులు, ఇల్లు వేడిచేసే ఫర్నేసు తలుపు విప్పుతూ.

ఉదయ్ బేస్‌మెంటు మెట్ల మీద నిలబడి వెనక్కి ఓసారి చూసుకున్నాడు. కార్ల కంపెనీలో పెద్ద ఇంజనీరు, కింద బోలెడుమంది పనిచేస్తారు. అలాంటివాడు పొద్దున్నే పైజమా మీద చలికోటు తొడుక్కుని నోటితో చప్పుళ్లు చేస్తుంటే పెళ్లాం చూసిందంటే పరువేం కాను? కానీ అమెరికాలో, ఈ నోవై ఊళ్లో, జనవరి చలి పరువు చూడదు.

“ముందు టిక్ టిక్ అంటుందంకుల్. తర్వాత కొంచెంసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత... ధబ్.”

“ఒత్తుతోనాండి, ఒత్తు లేకుండానా?”

ఉదయ్ ఆలోచించాడు. “ఒత్తుతోనే. కిటికీ అద్దాలు కూడా కదుల్తున్నాయి.”

“ఆయ్. అయితే తెలిసిపోయిందండి.”

బర్నర్లకు మసి పట్టింది. వదిలిన గ్యాసు వెంటనే అంటుకోక, కాసేపు పోగై, ఒక్కసారిగా భగ్గుమంటోంది. రాఘవులు బర్నర్లు విప్పి, బ్రష్షుతో తోమి, ఊది, మళ్లీ బిగించాడు. నీలిమంట ఈ చివర నుంచి ఆ చివరకి బుద్ధిమంతుడిలా పాకింది. వెళ్లేముందు ఏ ఇంట్లోనైనా చెప్పే మాటే ఇక్కడా చెప్పాడు. గోడకున్న తెల్ల డబ్బా చూపించి, “ఇది అరిచిందంటే విషగ్యాసు చేరినట్టండి. ముందు అందరూ బయటికి పొండి, ఆ తర్వాతే నాకు ఫోను” అన్నాడు.

ఊళ్లో తెలుగువాళ్లకు అతని అసలు ఇంటిపేరు తెలీదు. ఫర్నేసు రాఘవులు అంటేనే తెలుస్తుంది. ఎవరింట్లో ఏ చప్పుడొచ్చినా వాట్సాప్‌లో మొదట వచ్చేది అతని నంబరే. ఈల వేస్తోందంటే ఫిల్టరు మూసుకుపోయినట్టు. గరగరమంటే ఫ్యాను చక్రం వదులై డొక్కకి రాసుకుంటున్నట్టు. కీచుమంటే మోటారు బేరింగు ఎండినట్టు. టంగుమంటే ఏమీ లేదు, రేకు గొట్టాలు వేడికి ఒళ్లు విరుచుకుంటున్నట్టు. దానికి మందు అక్కర్లేదు, అలవాటు పడితే చాలు. ఇన్ని చప్పుళ్లకి ఇంగ్లీషులో ఏమంటారో అతనికి సరిగ్గా తెలీదు. తెలుగులో మాత్రం ఒత్తులూ దీర్ఘాలతో సహా తెలుసు.

నోటితో చేసి చూపించమనడం అతని పనితనంలో భాగమని జనం అనుకుంటారు. పార్టీల్లో అతన్ని అనుకరించి నవ్వుకుంటారు కూడా. అసలు సంగతి వేరు. రాఘవులుకి సన్నటి చప్పుళ్లు వినపడవు.

మండపేట రైసుమిల్లులో మెకానిక్కుగా చేసిన రోజుల్లో మిల్లు అతని చెవుల్ని కొంచెం కొంచెంగా నూకల్లా కొరుక్కుతింది. బావమరిది పెట్టిన గ్రీన్‌కార్డు పిటిషన్ మీద భార్య రాధారాణితో అమెరికా వచ్చి, గ్యాస్‌స్టేషన్‌లో నిలబడి, నడివయసులో సాయంకాలం బడికెళ్లి ఈ పని నేర్చుకునేసరికి చెవులు అడుగంటాయి. ముందు పిట్టలు పోయాయి. తర్వాత ప్రెషర్ కుక్కరు. ఇప్పుడు కీచు, ఈల, కిచకిచ అన్నీ పోయాయి. మిగిలింది ధబ్‌లూ గరగరలూ, మిల్లు నుంచి పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్న పొడవాటి స్క్రూడ్రైవరూ. దాని మొన మోటారుకి ఆనించి, చెక్కపిడి చెవి వెనక ఎముకకి నొక్కిపెడితే, లోపలి సంగతి ఎముకగుండా వచ్చి చెబుతుంది.

చెవికి మిషను పెట్టుకోమని రాధారాణి పోరుతూనే ఉంది. పెట్టుకుంటే తను పనిచేసే రిపేరు కంపెనీ నడిపే శశికాంత్ చూస్తాడు. చెవుడున్నవాడిని చప్పుళ్లు వినడానికి ఎవరు పంపుతారు? పని పోతే రాఘవులు ఎవరు? కిరాణా కొట్లో బియ్యం బస్తా ఎత్తిపెట్టే మరో ముసలాయన. ఆ ఒక్క భయంతో అతను పెదాలు చూసి మాటలు అందుకోవడం, అందనప్పుడు నవ్వడం బాగా ఒంటపట్టించుకున్నాడు.

మధ్యాహ్నం రాగిణి ఇంటికెళ్లాడు. రాగిణి ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది. మెడలో హెడ్‌ఫోన్స్ వేలాడేసుకునే తలుపు తీసింది.

“అంకుల్, రెండు సౌండ్లున్నాయి. ఒకటి టకటక. ఇంకోటి కిచ్. నిమిషానికోసారి వస్తోంది. మీటింగ్‌లో అందరూ అడుగుతున్నారు, మీ ఇంట్లో బర్డ్ ఉందా అని. ప్లీజ్, ముందు అది చూడండి.”

టకటక సులువుగానే దొరికింది. గొట్టానికి స్క్రూడ్రైవర్ ఆనించుకుంటూ వెళ్లి, పై అంతస్తులో నేలమీది జాలీ ఎత్తి, లోపలికి చెయ్యి పెట్టాడు. గుప్పెడు గుమ్మడి వడియాలు వచ్చాయి.

రాగిణి అత్తగారు జ్ఞానప్రసూన పక్కనే నిలబడి ఉంది. చిన్నపాటి మనిషి, రెండు స్వెటర్లు, కాళ్లకి కొడుకు మేజోళ్లు, చెవి వెనక బఠాణీగింజంత మిషను.

“ఎండ మొహం చూసి వారాలైంది. ఇక్కడ వేడిగాలి ఊరికే పోతోంది కదాని గుడ్డ పరిచి పెట్టా” అంది. “కోడలికి చెప్పకు నాయనా.”

“గాలికి దొర్లుతున్నాయి పిన్నిగారూ. బాగా ఎండాయి మాత్రం” అని రాఘవులు వడియాల్ని ఆమె కొంగులో పోశాడు.

ఇక కిచ్ మిగిలింది. బేస్‌మెంటులోకి దిగి, మోటారు విప్పి చూశాడు. బేరింగులు వెన్నలా తిరుగుతున్నాయి. ఫిల్టరు మార్చాడు. మరలన్నీ బిగించాడు. స్క్రూడ్రైవర్ ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. మోటారు హాయిగా గొణుక్కుంటోంది తప్ప వేరే మాట లేదు. జ్ఞానప్రసూన కింది మెట్టు మీద కూర్చుని, వడియాలు ఏరుకుంటూ అతన్నే చూస్తోంది.

రాగిణి పైనుంచి దిగింది. “ఇప్పుడు పోయిందాండి?” అని అడిగాడు. అతని దగ్గరున్న ఉపాయం అదే.

“లేదంకుల్. ఇప్పుడే వచ్చిందిగా, మీ ముందే.”

“ఆ. విన్నానండి” అన్నాడు రాఘవులు. “చూస్తున్నానండి.”

రాగిణి మీటింగ్ ఉందని పైకెళ్లిపోయింది. రాఘవులు మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని, విప్పిన తలుపే మళ్లీ విప్పాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది అతని పని. భుజం మీద చెయ్యి పడేసరికి ఉలిక్కిపడి తిరిగాడు. జ్ఞానప్రసూన. ఎంతసేపటి నుంచి పిలుస్తోందో.

ఆమె వేలు పైకి చూపించింది. అతని నెత్తిమీద, గొట్టాల చాటున, దూలానికి బిగించిన తెల్ల డబ్బా.

“అది అరిచినప్పుడల్లా నేను ఉలిక్కిపడుతున్నాను” అంది, పెదాలు కనపడేలా నిదానంగా. “నువ్వు దాని కిందే కూర్చున్నావు. ఒక్కసారి కూడా తలెత్తలేదు.”

రాఘవులు తలెత్తి డబ్బాని చూశాడు, తర్వాత ఆమెని. ఆమె చూసే చూపులోనే అంతా తెలిసిపోయిందని అతనికి అర్థమైంది.

బ్యాటరీ అయిపోవచ్చింది, అంతే. అది అయిపోయేముందు నిమిషానికోసారి కిచ్‌మని చెబుతుంది. వ్యానులోంచి కొత్త బ్యాటరీ తెచ్చి వేశాడు. గాలి పరీక్షించే మీటరు పెట్టి చూశాడు. విషగ్యాసు ఆనవాలు లేదు. చివరిగా, డబ్బా పనిచేస్తోందో లేదో చూడడానికి దాని బొత్తాం నొక్కాడు.

జ్ఞానప్రసూన రెండు చేతులతో చెవులు మూసుకుంది. పైన గదిలో కుర్చీ జరిగింది. “అత్తయ్యా, ఏంటది?” అంటూ రాగిణి మెట్ల దాకా పరిగెత్తుకొచ్చింది. రాఘవులు డబ్బా కింద, బొత్తాం మీద వేలుంచి నిలబడ్డాడు. ఎక్కడో మూడిళ్ల అవతల ఎవరో అన్నం గిన్నె గరిటతో గీకుతున్నట్టు, ఏదో వినపడీ వినపడనట్టు ఉంది. ప్రతి ఇంట్లో, ఇది అరిస్తే పరిగెత్తండి అని చెప్పిన మనిషి తనే. ఇదే నిజం అరుపైతే, ఈ పిన్నిగారితో సహా ఇంటిల్లిపాదీ పడిపోతున్నా, తను కింద కూర్చుని మరలు బిగించుకుంటూ ఉండేవాడు.

“ఏం లేదే, టెస్ట్ చేస్తున్నాడు. నీ బర్డ్ దొరికింది” అని జ్ఞానప్రసూన కోడల్ని పంపించేసింది. ఆ తర్వాత అతనికెదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

“నేనూ నీలాగే మూతులు చూసి నవ్వేదాన్ని. ఓసారి మా వియ్యపురాలు వాళ్ల తోటికోడలు పోయిందని చెబుతుంటే పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను. ఆ తర్వాతే ఈ మిషను పెట్టించుకున్నా. నీకేమిటి అడ్డం?”

“పని పోతుందండి.”

“పోతే?”

“నాకు ఇంకేమీ రాదండి పిన్నిగారూ” అన్నాడు రాఘవులు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దాచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

జ్ఞానప్రసూన కింద పడున్న స్క్రూడ్రైవర్ అందుకుని, “ఇదేం చేస్తావు, చెవిలో గుచ్చుకుంటున్నావా ఇందాకట్నుంచి?” అంది. అతను చూపించాడు. ఆమె మిషను తీసి ఒళ్లో పెట్టుకుని, మొన ఫర్నేసుకి ఆనించి, పిడి ఎముకకి నొక్కుకుంది. ఆమె మొహం మెల్లగా విప్పారింది.

“ఏమంటోంది పిన్నిగారూ? కాస్త నోటితో చేసి చూపించండి.”

జ్ఞానప్రసూన కళ్లు మూసుకుని, పెదాలు బిగించి, “మ్‌మ్‌మ్‌మ్...” అంది. చిన్నపిల్ల బువ్వ తింటూ కూనిరాగం తీసినట్టు ఉంది. ఆ మోత రాఘవులుకి చక్కగా వినపడింది. ఇద్దరూ నవ్వారు.

వ్యానులో కూర్చుని, స్పీకరు సౌండు పూర్తిగా పెంచి, రాఘవులు శశికాంత్‌కి ఫోను చేశాడు.

“అన్నా, ఇంక రెండిండ్లు ఉన్నయ్ గదా.”

“వాటికి ఇంకెవరినైనా పంపు బాబూ. నాకు వినపడట్లేదు.”

“సిగ్నల్ లేదా? జర రోడ్డు మీదికి రా అన్నా.”

“సిగ్నల్ కాదు బాబూ. చెవులు.”

“మరి ఇన్ని దినాలు ఎట్ల చేసినవన్నా?”

“అందరూ నోటితో చేసి చూపించారు.”

వ్యానుని కంపెనీ షెడ్డులో పెట్టి, తాళాలు కొక్కేనికి తగిలించి వచ్చేశాడు. ఆ తర్వాత రాఘవులు ఎవరి బేస్‌మెంటులోకీ దిగలేదు. దానికి వీడుకోలు సభా, శాలువా లాంటివేమీ లేవు. ఆ సాయంత్రం వంటగదిలోంచి రాధారాణి ఏదో అంది. ఎప్పటిలా తలాడించి నవ్వబోయి, ఆగి, లోపలికెళ్లి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

“వినపడలేదు రాణీ. మళ్లీ చెప్పు” అన్నాడు.

రాధారాణి గరిట చేతిలో పట్టుకుని అతన్ని చాలాసేపు చూసింది. ఆ తర్వాత అతని చెవి దగ్గరికి వచ్చి మళ్లీ చెప్పింది. చారులో ఉప్పు సరిపోయిందో లేదో చూడమని, అంతే.

స్క్రూడ్రైవర్ రాగిణి వాళ్లింట్లోనే ఉంది, ఫర్నేసు పక్కన మేకుకి తగిలించి. అతను మరిచిపోయి వెళ్లాడని రాగిణి అనుకుంటుంది. అత్తగారు నవ్వి ఊరుకుంటుంది. మధ్యాహ్నాలు కోడలు మీటింగ్‌లో ఉన్నప్పుడు జ్ఞానప్రసూన మిషను తీసేసి కిందికి దిగి, దాన్ని అందుకుని కాసేపు వింటుంది. చేతుల చెమటకి నల్లబడిన చెక్కపిడి అది. చివర, చెవి వెనక ఎముక ఆనే చోట, బొటనవేలు పట్టేంత గుంట పడి నున్నగా అరిగిపోయి ఉంది.