రికార్డయిన సాక్ష్యం

జబ్బున్నవాడికి ఇన్సూరెన్సు ఇవ్వరు. జబ్బు లేనివాడికైతే ఇంటికొచ్చి, గడ్డం పట్టుకుని బతిమాలి మరీ ఇస్తారు. ఈ పాటి ముక్క తెలుసుకోవడానికి రిబ్కా టీచరుకు ఒక ఎండాకాలమంతా పట్టింది. చెప్పులూ అరిగాయి, ఓపికా అరిగింది.

ఆమె తిరువూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సోషలు చెబుతుంది. మొగుడు జోజప్ప తిరువూరు నుంచి గంపలగూడేనికి షేరాటో తోలతాడు. రెండేళ్ళ కిందట పెనుగొలను దగ్గర, ఆటో నిండా పత్తి తీతకు పోయే ఆడవాళ్ళు ఉండగా, అతనికి గుండెల్లో నొప్పి వచ్చింది. బండిని జాగ్రత్తగా రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపి, అప్పుడు కూలబడ్డాడు. మనిషి తీరే అంత, పడిపోవడంలో కూడా ఎవర్నీ ఇబ్బంది పెట్టడు. బెజవాడ తీసుకుపోతే స్టెంటు వేశారు. అప్పుడు తెల్లకార్డు ఉంది కనుక ఆరోగ్యశ్రీలో గట్టెక్కారు.

ఇప్పుడు ఆ కార్డు లేదు. కూతురు గ్లోరికి విజయవాడలో మంచి ఉద్యోగం వచ్చింది, మొన్నటి నుంచి ఇన్‌కంటాక్సు కడుతోంది. ఆ పిల్ల పేరు అప్పటికింకా ఈ ఇంటి కార్డులోనే ఉంది. ఇంట్లో టాక్సు కట్టేవాళ్ళుంటే కార్డుండదన్నారు, తీసేశారు. ఉద్యోగం వచ్చిందని పాయసం వండుకున్న ఇంటికే ఈ దెబ్బ. గ్లోరి ఫోనులో "నా వల్లే కదమ్మా" అని ఏడ్చింది. వాళ్ళ ఆఫీసువాళ్ళు ఆమెకు ఇన్సూరెన్సు ఇచ్చారు గానీ, అమ్మానాన్నలకు కుదరదన్నారట. సంపాదించుకోవడం కూడా తప్పేనా? అయినా ఎవరినని అడుగుతాం!

పోనీలే అని ఊరుకుందామంటే, కిందటిసారి చూపించుకున్నప్పుడు డాక్టరు ఇంకో రక్తనాళం కూడా కాస్త సన్నబడిందని చెప్పాడు. "ఇప్పుడే భయం లేదు, కానీ చేతిలో ఇన్సూరెన్సు పెట్టుకోండమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి రిబ్కాకు అదే ధ్యాస. పిల్లలకు నదుల పేర్లు చెబుతున్నా లోపల అదే మాట తిరిగేది.

బ్యాంకుకు వెళ్ళింది. అక్కడి కుర్రాడు కుర్చీ వేసి, కూల్‌డ్రింకు తెప్పించి, అన్నీ శ్రద్ధగా చెప్పాడు. "స్టెంటు పడిందండి" అనగానే అతనికి వేరే కౌంటరులో పని గుర్తొచ్చింది. ఫోనులో చూసి ఒకచోట నంబరిస్తే, రోజంతా ఎవరెవరో మేడం మేడం అంటూ ఒకటే కాల్స్. స్టెంటు మాట చెప్పగానే ఒక్కొక్కరే లైను పెట్టేశారు. ఒక కంపెనీ మాత్రం ఇస్తామంది. ఏడాదికి ఆమె మూడు నెలల జీతం కట్టాలట. అదీ మొదటి మూడేళ్ళూ గుండె సంగతి తప్ప మిగతావన్నీ చూస్తారట. ఇల్లు అంటుకుంటే పెరట్లో పాదుకు నీళ్ళు పోస్తామన్నట్టు!

అలా తిరిగి తిరిగి చివరికి సుందరరావు దగ్గరకొచ్చింది. బస్టాండు దగ్గర ఎరువుల షాపు మేడ మీద ఉంటుంది అతని ఆఫీసు. అతని పిల్లలిద్దరూ రిబ్కా దగ్గర చదువుకున్నవాళ్ళే. ఏజెంటే గానీ మనిషి చెడ్డవాడు కాదు.

"మేడం, ఉన్నదంతా చెప్పి మీరే చెడగొట్టుకుంటున్నారు," అన్నాడు. "జబ్బులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. లేవు అనండి. సార్ వయసుకి, ఈ పాలసీకి టెస్టులు కూడా అక్కర్లేదు. రేటు కూడా మీకు అందుబాటులోనే ఉంటుంది."

"అబద్ధం కదండీ."

"అందరూ ఆడేదే మేడం. ఆడకపోతే మనలాంటోళ్ళకి ఎవడిస్తాడు? నాలుగైదేళ్ళు కదలకుండా కట్టుకుపోతే తర్వాత ఎవడూ తవ్వడు."

క్లాసులో హోంవర్కు చేయలేదని నిజం చెప్పిన పిల్లాడిని వదిలేసి, నోట్సు మర్చిపోయానని బొంకినవాణ్ణి నిలబెట్టే మనిషి రిబ్కా. కానీ అలసట మనిషి చేత ఏ పనైనా చేయిస్తుంది. ఎదురుగా గోడ మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది, మేడ కింద బస్సులు హారన్లు కొడుతున్నాయి, ఆమెకు ఇంకో మెట్టు ఎక్కే శక్తి లేదు. "లేవు అనే రాయండి" అంది. అని తలొంచుకుంది. సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది.

సుందరరావు రాసుకున్నాడు. రాసుకుని, ఏదో అనుమానం వచ్చినట్టు ఫోను తీశాడు. "రేపు క్లెయిమ్ వస్తే కంపెనీ మనిషి ఊళ్ళోకొస్తాడు మేడం. మందుల షాపులో అడుగుతాడు, పక్కింట్లో అడుగుతాడు, ఫోనులో పేరు కొట్టి చూస్తాడు. ఒకసారి మనమే చూసుకుంటే పోలా?" అంటూ జోజప్ప పేరు, తిరువూరు అని కొట్టాడు.

మరుక్షణం ఆ గదిలో రిబ్కా గొంతే వినబడింది. "చనిపోతాడన్న మనిషిని నా దేవుడు బతికించాడు. గుండెలో రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని డాక్టర్లు చెప్పారు..."

సుందరరావు ఫోను కేసి చూశాడు, ఆమె కేసి చూశాడు. "ఇదేంటి మేడం!"

ఇదేంటంటే, సాక్ష్యం. రిబ్కా వెళ్ళే మందిరంలో ఆదివారం పాటలయ్యాక పాస్టరు స్టీఫెన్‌గారు "సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకు రండి" అంటారు. మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి పదిమందిలో చెప్పాలి. చెప్పకపోతే మేలు మింగినట్టే. ఊరికే నొప్పొచ్చింది, తగ్గింది అంటే కుదరదు. ఏ ఆస్పత్రి, ఏ డాక్టరు, ఎంత శాతం మూసుకుపోయింది, ఎన్ని గంటలు టైమిచ్చారు, అన్నీ చెప్పాలి. జబ్బు ఎంత పెద్దదైతే సాక్ష్యం అంత గట్టిది. రిబ్కా టీచరు కదా, ఒక్క వివరం వదలకుండా చెప్పింది. విన్నవాళ్ళంతా ఏడ్చారు. పాస్టరుగారి భార్య హన్నా దాన్ని ఫోనులో తీసి, జోజప్ప పేరూ ఊరూ రాసి మందిరం యూట్యూబు ఛానల్లో పెట్టింది. వినగడపలో జరిగిన ప్రార్థన కూటాల్లో కూడా పిలిచి మళ్ళీ చెప్పించారు.

జోజప్ప మాత్రం ఏనాడూ లేవలేదు. అతనిది పుట్టుకతో ఆర్సీఎం, అంటే రోమన్ కాథలిక్కు. పెళ్ళయ్యాక భార్య వెంట ఈ మందిరానికి వస్తున్నాడు గానీ, ఎప్పుడూ ఆఖరి బల్ల మీదే. "మా గుళ్ళో మోకరించి ఊరుకుంటాం. ఈ మైకులు మాకలవాటు లేదు" అనేవాడు. మీ ఆయనకి నోరుందా టీచరుగారూ అని ఆడవాళ్ళు ఆటపట్టించేవారు.

"ఆ వీడియో తీయించండి మేడం," అన్నాడు సుందరరావు. "తీయించాక ఫోను చేయండి. కంపెనీ నుంచి సార్‌కి ఒక కాల్ వస్తుంది, అడిగినవాటికి లేదు, లేదు అంటే చాలు. అంతే, పాలసీ చేతికొచ్చేస్తుంది."

మర్నాడు స్కూలు విడిచాక రిబ్కా పాస్టరుగారింటికి వెళ్ళింది. హన్నా బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి "రా అక్కా, కూర్చో" అంది. రిబ్కా కూర్చోలేదు.

"ఆ వీడియో తీసెయ్యి హన్నా."

"ఏ వీడియో? నీ సాక్ష్యమా?" హన్నా నోరు తెరిచింది. "అదేంటక్కా, మన ఛానల్లో అందరూ ఎక్కువగా చూసేది అదే! మొన్న కువైటు నుంచి ఎవరో ఒకావిడ ఫోను చేసి, అది విని ధైర్యమొచ్చిందని ఏడ్చింది."

"తీసెయ్యి."

"పాస్టరుగారు ఏమైనా అన్నారా? పోనీ మేమేమైనా అన్నామా?" హన్నా గొంతు తగ్గించింది. "వేరే సంఘానికి వెళ్ళిపోతున్నారా అక్కా? నిజం చెప్పు."

నిజం చెప్పు అనే మాట చురుక్కుమంది. ఏం చెబుతుంది? దేవుడు చేసిన మేలు ఎవరికీ తెలియకూడదని చెబుతుందా? "కారణముంది, అడగొద్దు" అని మాత్రం అని వచ్చేసింది. హన్నా గుమ్మం దాకా వచ్చి, ముఖం చిన్నబుచ్చుకుని నిలబడింది.

సాయంత్రానికి వీడియో పోయింది. అన్నం దగ్గర జోజప్ప "తీయించావంటగా" అన్నాడు. "ఊఁ" అంది. అతను కంచం కడిగేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం స్టీఫెన్‌గారు అలవాటుగా "సాక్ష్యం చెప్పేవాళ్ళు" అనగానే నలుగురూ రిబ్కా వైపు తిరిగారు. ఎప్పుడూ లేచే మనిషి కదా. ఆమె తల పైకెత్తలేదు, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. హన్నా కూడా అటు చూడలేదు. అందరికంటే వెనక, ఆఖరి బల్ల మీద కూర్చున్న జోజప్ప ఇదంతా చూశాడు.

కంపెనీ కాల్ శనివారం సాయంత్రం వస్తుందని సుందరరావు చెప్పాడు. జోజప్ప ఆటో పెందలాడే కట్టేసి, స్నానం చేసి కూర్చున్నాడు. రిబ్కా పక్కనే మంచం మీద కూర్చుని స్పీకరు పెట్టింది. "ఏమడిగినా లేదు అను. అంతకంటే ఒక్క ముక్క వద్దు. నీకు మాట్లాడటం ఎలాగూ రాదు, ఇవాళ అదే మంచిదైంది" అంది. నవ్వు తెప్పిద్దామనే అంది గానీ, ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

ఫోను మోగింది. అవతల ఎవరో చిన్నపిల్ల గొంతు, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతోంది. "ఈ కాల్ రికార్డు చేయబడుతుంది సార్, మీకు సమ్మతమేనా?"

"రికార్డవుతుందా?" అన్నాడు జోజప్ప.

"అవుతుంది సార్."

"సరేనమ్మా."

పేరు అడిగింది, పుట్టిన తేదీ అడిగింది. సిగరెట్టు తాగుతారా అంటే లేదన్నాడు, మందు అంటే లేదన్నాడు. రెండూ నిజమే.

"మీకు గతంలో గానీ, ప్రస్తుతం గానీ గుండెకు సంబంధించిన సమస్య ఏదైనా ఉందా సార్?"

రిబ్కా పెదాలు కదిలించింది, లేదు, లేదు అని. జోజప్ప ఆమె కేసి చూశాడు. ఫోను చేతిలోకి తీసుకుని, ఎందుకో లేచి నిలబడ్డాడు.

"ఉందమ్మా," అన్నాడు. "రెండేళ్ళ కిందట పెనుగొలను దగ్గర ఆటో తోలుతుంటే నొప్పొచ్చింది. పత్తి తీసే ఆడోళ్ళే నన్ను కాపాడారు. అందులో చిట్టెమ్మ అని ఒకావిడ రోడ్డుకి అడ్డంగా నిలబడి కారాపింది. బెజవాడలో స్టెంటేశారు. మా ఆవిడ ఆస్పత్రి వరండాలోనే మోకాళ్ళ మీద ఉండిపోయింది, అన్నం కూడా తినలేదు. దేవుడు బతికించాడు. ఆ సంగతి ఆవిడ గుళ్ళో అందరి ముందూ చెప్పిందమ్మా. ఇప్పుడు నాకు ఈ పాలసీ రావాలని దాన్ని తీయించేసుకుంది. అప్పట్నుంచీ ఆ మనిషి తలెత్తట్లేదు. ఆవిడ అబద్ధాలాడే మనిషి కాదు, అలిసిపోయింది అంతే. అది కూడా రికార్డు చేసుకోమ్మా."

ఆ పిల్ల పాఠం మర్చిపోయినట్టు నెమ్మదిగా అడిగింది. "సార్... అంటే, అవును అని రాసుకోమంటారా?"

"రాసుకోమ్మా."

కాల్ అయిపోయింది. జోజప్ప ఇంకా నిలబడే ఉన్నాడు, నుదురంతా చెమట.

రిబ్కా ఒక్కసారిగా లేచింది. "ఇన్నేళ్ళుగా లేవని నోరు ఇవాళే లేచిందా నీకు? గుళ్ళో అంతమంది బతిమాలితే లేవనివాడివి, ఎవరో ఫోనులో పిల్లకి సాక్ష్యం చెబుతావా? నేనెన్ని గడపలెక్కానో తెలుసా? రేపు మళ్ళీ నొప్పొస్తే నిన్ను నేనెక్కడికి తీసుకుపోను? చెప్పు, ఎక్కడికి?"

"తెలీదు," అన్నాడు జోజప్ప.

"తెలీదంట! నిన్ను బతికించుకోవడానికే కదా ఇదంతా!"

"బతికాను కదా. బతికానని చెప్పుకోవద్దంటే ఎలాగే?"

ఆమెకు ఇంకా తిట్టాలనే ఉంది. తిట్టలేకపోయింది. మంచం మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కోపంతోనే ఏడ్చింది, భయంతోనూ ఏడ్చింది. ఇన్నాళ్ళూ మెడ మీదున్న బరువేదో దిగినందుకు కూడా ఏడ్చింది. జోజప్ప పక్కన కూర్చుని, ఏం చేయాలో తెలియక ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. ఇంతలో సుందరరావు ఫోను చేశాడు, ఆమె ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఈసారి ఎత్తింది. "మేడం, కొంప ముంచారు!" అన్నాడు. "మేమే ముంచుకున్నాం లెండి, మీ తప్పేం లేదు" అని పెట్టేసింది.

తర్వాత హన్నాకు ఫోను చేసి వీడియో మళ్ళీ పెట్టమంది. హన్నా కారణం అడగబోయి, ఆమె గొంతు విని ఊరుకుంది.

"రేపు గుళ్ళో నువ్వే చెప్పకూడదూ? అలవాటైందిగా," అంది రిబ్కా ముక్కు తుడుచుకుంటూ.

"అమ్మో, నా వల్ల కాదు. ఫోనులో అయితే మొహాలు కనపడవు."

ఆమె లేచి అతని గుండె మాత్ర, మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అతను మింగేదాకా నిలబడింది. తర్వాత గుమ్మంలో కూర్చుని, ఫోనులో ఇంకా అడగకుండా మిగిలిపోయిన ఒక నంబరు వెతికి కొట్టింది. అవతల ఎవరో "నమస్తే మేడం, చెప్పండి" అన్నారు.

"మా ఆయనకి గుండెలో స్టెంటు ఉందండి," అంది రిబ్కా, పేరు కూడా చెప్పకముందే. "ఇంకో నాళం కూడా సన్నబడిందన్నారు. ఇస్తారా?"

అవతల మాట లేదు. లైను మాత్రం ఇంకా తెగలేదు. ఆమె ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చుంది.