ఉలిగమ్మ వేలికి వెలగని పచ్చదీపం

నేను ఒక వేలిముద్రల యంత్రాన్ని. అనుమానించడమే నా ఉద్యోగం. ఇది చదువుతున్న మిమ్మల్ని కూడా నమ్మనని ముందే చెబుతున్నాను. బొటనవేలు చూపిస్తే అప్పుడు ఆలోచిస్తాను. నన్ను బిగించినవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకున్నారు. అందుకని కన్నవాళ్ళెవరో కూడా నాకు తెలియదు. అలా పుట్టినదానికి ఈ బుద్ధి రాక ఇంకేం వస్తుంది?

మొదట ఒక రేషన్ షాపులో పనిచేశాను. అక్కడ తమ్ముడి కార్డుకి అన్న వేలు పెట్టేవాడు, అత్త బియ్యానికి కోడలు వచ్చేది. అందరినీ పట్టుకున్నాను. ఆ గర్వం తలకెక్కింది కూడా. తర్వాత నన్ను కర్నూలు పడమటి పల్లెల్లో కొత్తగా తెరిచిన ఒక శిక్షణ కేంద్రానికి పంపారు.

ఆ పల్లెలవాళ్ళు ఏటా సుగ్గికి పోతారు. అంటే, ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లల్ని బడి మాన్పించి, లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్ళడం. ఆ అవసరం లేకుండా సొంత ఊళ్ళోనే బతకమని వాళ్ళకు మందు కొట్టే స్ప్రేయర్ల మరమ్మతు నేర్పేవారు. నాలుగు నెలల్లో ఎనభై రోజులు హాజరైతే సర్టిఫికెట్టు, పనిముట్ల పెట్టె, మరమ్మతు దుకాణంలో ఉద్యోగం. నేను పచ్చదీపం వెలిగిస్తే వచ్చినట్టు, ఎర్రదీపం వెలిగిస్తే రానట్టు.

ఉలిగమ్మ అప్పటికి ఇరవై సుగ్గీలు చేసిన మనిషి. కూతురు రేణుక ఎనిమిదో తరగతి. ఈ ఏడైనా పిల్ల బడి మానకూడదని పట్టుబట్టి చేరింది. మొదటి రోజు ఎనిమిదిసార్లు నొక్కిస్తే గానీ ఆమె వేలిముద్ర నాకు ఎక్కలేదు. రెండో రోజు ఎర్రదీపం వెలిగించాను.

"ఏం సారూ, నా చేతి కారం తగిలి దీనికి మంట పుడతాందేమో? ఎట్ల ఎర్రగయితాందో చూడు!" అంది, నేర్పడానికి వచ్చిన బషీర్‌తో.

బషీర్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. నవ్వాడే గానీ, కాదని చెప్పలేదు. తప్పు అక్కడే జరిగింది.

మిరప కోతలవాళ్ళు సాయంత్రం చేతుల మంట పోవడానికి చింతపండు గుజ్జు, ఇసుక కలిపి తోముకుంటారు. నాకు మంట పుట్టకూడదని ఉలిగమ్మ రోజూ అలా తోముకుని మరీ నా దగ్గరకు వచ్చేది. ఇరవై సుగ్గీలు మిగిల్చిన ఆ కాసిని గీతలూ అరిగిపోయాయి. వేలు నున్నబడేకొద్దీ నా అనుమానం పెరిగింది. గీతల్లేని మనిషెక్కడైనా ఉంటుందా, ఇందులో ఏదో మోసం ఉంది అనుకున్నాను.

ఆమెతోపాటే శిక్షణలో చేరిన ఈరన్న మేస్త్రి వేలు మాత్రం చూడముచ్చటగా ఉండేది. జనాన్ని పోగేసి సుగ్గి లారీ ఎక్కించే ఆయన జీవితంలో ఒక్క మిరపకాయ తుంచలేదు. పొద్దున్నే వచ్చి పచ్చదీపం వెలిగించుకుని, అటునుంచి అటే టీకొట్టుకు పోయేవాడు. నేను చూసేది వేలునే కదా!

లోపల ఉలిగమ్మ చేతిలో పాడైన స్ప్రేయర్లు గుర్రుమని లేచేవి. "నువ్వే నాకు నేర్పేటట్టున్నావే!" అనేవాడు బషీర్. ఆమె రోజూ వచ్చిందని కాగితం మీద రాసి పంపాడు కూడా. "కాగితం ఎవరైనా రాస్తారు. మిషను ఏమంటోంది?" అన్నారు పైవాళ్ళు.

ఆమె పదకొండు రోజులే వచ్చిందని మిషను చెప్పింది. ఈరన్న ఒక్క రోజు కూడా మానలేదని చెప్పింది. ఆ మిషను నేనే. సర్టిఫికెట్టు, పనిముట్ల పెట్టె ఈరన్నకు వెళ్ళాయి.

ఇప్పుడు ముఖాలు చూసే యంత్రం వచ్చింది, నన్ను బీరువాలోకి తోశారు. ఇక్కడ అనుమానించడానికి ఎవరూ లేరు. సుగ్గి లారీ కదిలిన ఆ ఉదయమే పదేపదే గుర్తొస్తుంది. గేటు బయట ఈరన్న హారన్ కొట్టిస్తున్నాడు. రేణుక పుస్తకాల సంచితోనే లారీ ఎక్కి కూర్చుంది. ఉలిగమ్మ మాత్రం వరండాలోకి వచ్చి వేలు పెట్టింది. నమ్మాలనే అనుకున్నాను. ఎంతో వెతికాను. చదవడానికి ఆ వేలి మీద ఏమీ మిగల్లేదు. ఎర్రదీపం వెలిగింది.

ఆమె కొంగు తడిపి నా అద్దాన్ని మెల్లగా తుడిచింది.

"ఇంగా మండుతాందా? పోతాండాలే. ఇంగ నిన్ను ముట్టుకోనులే," అంది.