నడివయసుపై అబ్బులు గారి తిరుగుబాటు

నలభై ఎనిమిదేళ్ళ అబ్బులు గారిని నడివయస్కుడిగా ప్రకటిస్తూ యువజన సంఘం చేసిన తీర్మానం, ప్రభల తీర్థం నాటి ఉదయం, ఆయన కాఫీ చల్లారకముందే గుమ్మం తొక్కింది. మోసుకొచ్చినవాడు సంఘాధ్యక్షుడు సాయిదుర్గాప్రసాద్. వయసు ఇరవై నాలుగు, వినయం అపారం.

"ముందు కర్ర ఈసారి కుర్రాళ్ళకి ఒదిలెయ్యండి, బాబాయ్ గారూ. మీరు నడివయసులోకి వచ్చేరు కదండీ. గట్టుమీద పెద్దల పక్కన కుర్చీ వేయించేం."

ముందు కర్ర సామాన్యమైన పదవి కాదు. దేవుణ్ణి నిలిపిన కొబ్బరిచెట్టంత వెదురు ప్రభను భుజాలమీద కాలువ దాటించేటప్పుడు బురదలో మొదటి అడుగు వేసేవాడి స్థానమది. అబ్బులు గారు దాన్ని ఇరవయ్యేళ్ళుగా ఏకచ్ఛత్రంగా ఏలుతున్నారు.

"రెండు కొసలూ తెలిస్తేనే కదరా నడుమ తేలేది! నా ఆఖరి కొస ఎక్కడుందో నీకెవడు చెప్పేడు?"

"అందరూ అనే మాటేనండీ అది."

"అందరూ అనే మాటకి నా కర్ర ఇచ్చెయ్యాలా?"

వంటింట్లోంచి భార్య సూర్యావతి గొంతు వినిపించింది. "కుర్చీలో కూర్చోండి! కిందటేడు మీకు నూనె రాసీ రాసీ నా చేతులు పడిపోయేయి."

ఆయన గట్టుకు వెళ్ళారు. డెబ్బై దాటిన సుందరరావు గారు ఖాళీ కుర్చీమీద తువ్వాలు పరిచేశారు. "కుర్రాడివి, నీకిక్కడేం పనోయ్!"

యౌవనం బహిష్కరించింది, వార్ధక్యం ప్రవేశం నిరాకరించింది. అబ్బులు గారు పంచె ఎగ్గట్టారు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. ప్రభ నీళ్ళలో దిగాక, అవతలి గట్టు చేరేదాకా మోసేవాళ్ళు మారకూడదు. ప్రభ నీటి అంచుకు రాగానే ఆయన ముందు కర్ర పట్టిన కుర్రవాణ్ణి పక్కకు నెట్టి దాని కింద దూరారు. ప్రసాద్ చూసేసరికి అందరూ మోకాలిలోతులో ఉన్నారు.

"బాబాయ్ గారూ, బయటికొచ్చెయ్యండి!"

"ముందు కట్టుబాటు మార్చిరా!"

నడుంలోతులో కుడి భుజం కలుక్కుమంది. పళ్ళు బిగించి గట్టెక్కారు గాని, దేవుడికి దండం పెట్టబోతే ఆ చెయ్యి లేవలేదు.

సాయంత్రం ప్రభ తిరుగుప్రయాణానికి సిద్ధమైంది. ప్రసాద్ కర్రకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇప్పుడైనా ఒప్పుకుంటారా అండీ?"

"ఆయ్, ఒప్పుకున్నాను. కుడి భుజానికి నడివయసొచ్చింది. దానికో శాలువా కప్పు." అబ్బులు గారు కర్రకు అవతలి పక్కగా వెళ్ళి ఎడమ భుజం ఆనించారు. "ఇదింకా మీ సంఘమే. జరుగు."