నీ పేరు నేను మోయను

ఆదివారం కచేరీకి తానూ వస్తానని లెన్ అడిగినప్పుడు ట్రెంట్ కాఫీ తాగుతున్నాడు. పెట్టెలు ఎత్తి దించడానికి మనిషి కావాలి కదా, తనకు ఇంట్లో వేరే పనేమీ లేదు కదా అన్నాడు లెన్. వద్దనడానికి ట్రెంట్‌కు కారణం ఉంది గాని నోరు రాలేదు.

ఆ కారణం ట్రెంట్ బృందం కుర్రతనంలో చేసిన ఆల్బం. పేరు 'నాలుగో కుర్చీ'. అందులో నాలుగో కుర్చీ లెన్‌దే. ట్రెంట్‌కు మీసాలు రాకముందే, ఇళ్లకు పైకప్పులు వేసే పనికని ఒక పొద్దున బయల్దేరి, తాగుడులో పడి, మళ్లీ గడప తొక్కని తండ్రి. తల్లి, చెల్లెలు, తాను భోజనానికి కూర్చుంటే ఎదురుగా ఆ కుర్చీ. తల్లి జబ్బుపడి ఆసుపత్రిలో కన్నుమూసినప్పుడు కూడా అది నిండలేదు. ఆమె పోయిన ఏడాదే ట్రెంట్ ఆ పాటలు రాశాడు. డ్రమ్ములు ఊపిరాడకుండా పరుగెత్తుతుంటే వాటి మీద గిటారు ఏడ్చి ఏడ్చి అలసిన పిల్లాడిలా ఒక రాగం తీస్తుంది. ఆ రెండింటి మధ్య నలుగుతూ ట్రెంట్ గొంతు చించుకుంటాడు. విల్క్స్‌బ్యారీలో స్నేహితుడి గ్యారేజీలో రికార్డు చేసిన ఆ ఆల్బం పెన్సిల్వేనియా దాటి ఎక్కడెక్కడికో పోయింది. చివరి పాటలోని 'నీ పేరు నేను మోయను' అనే మాటను కుర్రాళ్లు చేతుల మీద పచ్చబొట్టు పొడిపించుకున్నారు.

తర్వాత లెన్ తిరిగొచ్చాడు. తాగుడు మానేసి, జుట్టు నెరిసి, ఒక సంచీతో. చెల్లెలు ఇప్పటికీ అతనితో మాట్లాడదు. ట్రెంట్ తన ఇంటి కింది వాటా ఇచ్చాడు. లెన్ శుక్రవారాలు క్యాబేజీ, నూడుల్స్ వెన్నలో వేయించి పైకి తెచ్చి ఇస్తాడు. మంచు పడితే ఇరుగుపొరుగు మెట్లు కూడా ఊడ్చేస్తాడు. ఆ ఆల్బం సంగతి ఏనాడూ ఎత్తలేదు. వినలేదేమోనని ట్రెంట్ నమ్మకం. నమ్మకం కూడా కాదు, ఆశ.

ఇప్పుడు బృందమంతా మళ్లీ కలిసి ఆ ఆల్బంను మొదటి నుంచి చివరిదాకా పాడుతోంది. చివరి పాట ఒక్కటి వదిలేద్దామా అని డ్రమ్ములు వాయించే డెక్లన్‌ను ట్రెంట్ అడిగి చూశాడు.

"జనం వచ్చేదే దానికోసంరా. అది మానేస్తే మనల్ని సస్క్వెహానా నదిలో ముంచేస్తారు" అన్నాడు డెక్లన్. తర్వాత గొంతు తగ్గించి, "మీ నాన్న వస్తున్నాడనా?" అని అడిగాడు. ట్రెంట్ కాదన్నాడు.

మాజీ సైనికుల హాల్లో మధ్యాహ్నం కచేరీ. కిటికీల్లోంచి ఎండ నేరుగా జనం మీద పడుతోంది. వేదికంటూ పెద్దగా లేదు, ఒక జానెడు ఎత్తు చెక్క. మొదటి పాటకే కుర్రాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి, తామూ పాడాలని మైకు మీద పడ్డారు. ట్రెంట్ ఏ మాట మరిచిపోయినా వందల గొంతులు అందిస్తున్నాయి. తల్లి మందుల వాసన గురించిన పాటలో వెనకనున్న ఒక లావుపాటి మనిషి మోకాళ్ల మీద కూర్చుండిపోతే, ముక్కూమొహం తెలియని వాళ్లు అతని చుట్టూ చేతులు వేసి పాడారు.

చివరి పాట కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు ట్రెంట్. 'నీ పేరు నేను మోయను' దగ్గర జనమంతా ఒక్క గొంతై లేచేసరికి కళ్లు తెరవక తప్పలేదు. పక్క స్తంభం దగ్గర తండ్రి కనిపించాడు. చెవుల్లో దూది, టోపీ తీసి రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకుని, చర్చిలో శవపేటిక ముందు నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు. ట్రెంట్ మైకు వదిలి వెనక్కి జరిగాడు. మిగతాది జనమే పాడారు. అతనికి ఏడుపొచ్చిందనుకుని ఇంకా గట్టిగా పాడారు. అది ఏడుపు కాదు, నేల చీలితే బాగుండుననిపించే సిగ్గు.

కచేరీ అయ్యాక వెనక వాకిట్లో సామాను వ్యాన్ ఎక్కిస్తుండగా మారిసోల్ అనే అమ్మాయి వచ్చింది. హేజల్టన్ నుంచి బస్సులో వచ్చానంది. తండ్రి కొట్టిన దెబ్బకు తన ఒక చెవి సరిగా వినపడదనీ, మంచి చెవిలో ఈ ఆల్బం పెట్టుకునే చదువు గట్టెక్కాననీ చెప్పింది. ట్రెంట్ ఆమె చేతులు పట్టుకున్నాడు.

"ఒకటి అడగనా? ఆ మనిషి బతికే ఉన్నాడా? మీ నాన్న?"

అప్పుడే లెన్ స్పీకరు పెట్టె భుజాన వేసుకుని వాళ్ల పక్కనుంచే వెళ్తున్నాడు.

"తెలీదు" అన్నాడు ట్రెంట్. "ఎక్కడున్నాడో ఏమో."

"ఉంటే ఇవాళ వినాల్సింది. విని సిగ్గుతో చావాల్సింది" అంది మారిసోల్. పెట్టె దించిన లెన్ వైపు తిరిగి, "మీరు వీళ్లతో ఎప్పట్నుంచీ ఉన్నారండీ?" అని అడిగింది.

"లేదమ్మా, నేను పెట్టెలు మోసేవాణ్ణి" అన్నాడు లెన్. ఆమె చెయ్యి చాపితే, అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని కలిపాడు.

ఆమె వెళ్లాక ట్రెంట్ వ్యాన్‌లోకి ఎక్కాడు. లెన్ పెట్టెలకు పట్టీలు బిగిస్తున్నాడు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ట్రెంట్.

"నువ్వు తెలీదన్నావు కదరా. నలుగురిలో నీ మాట అబద్ధం చెయ్యనా?"

ట్రెంట్ చెవులు కాలిపోయాయి. లెన్ పట్టీ మీదనుంచి చూపు ఎత్తకుండానే చెప్పాడు. తాగుడు మాన్పించే ఆశ్రమంలో పక్క మంచం కుర్రాడు పొద్దస్తమానం ఈ ఆల్బమే వినేవాడట. ఎవడో దగుల్బాజీ తండ్రి కథ తాతా, విను, అని తనకూ చెవుల్లో పెట్టాడట. గొంతు గుర్తుపట్టడానికి ఒక పాట పట్టింది. ఆ తర్వాత రోజూ అడిగి పెట్టించుకున్నాడట.

"అన్నీ నిజాలే రాశావు. ఆసుపత్రికి రాలేదన్నావు చూడు, అదొక్కటే తప్పు. వచ్చాను. కారు నిలిపేచోట పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. దిగలేకపోయాను." పట్టీ ఇంకాస్త బిగించి, "అంటే రానట్టే. నువ్వు రాసిందే రైటు" అన్నాడు.

ట్రెంట్ వ్యాన్‌లోంచి దూకి పరుగెత్తాడు. మారిసోల్ బస్సు స్టాపులో ఉంది. ఆయన మా నాన్న, పెట్టెలు మోసినాయన, నేను అబద్ధమాడాను అని రొప్పుతూ చెప్పాడు. ఆమె ముఖం విప్పారుతుందని లోలోపల ఆశపడ్డాడేమో. ఆమె మాత్రం లెన్‌తో కలిపిన తన కుడిచెయ్యి వైపు చూసుకుంది.

"మీరు కలిసిపోయారా? మరి ఆ పాట ఎవరికోసం పాడారు ఇవాళ?" అంది.

"ఇది నాకు చెప్పకుండా ఉండాల్సింది" అని ఆమె బస్సెక్కింది. నిజం దాచినందుకు ఒక సిగ్గు, చెప్పి తన బరువు ఆ పిల్ల నెత్తిన దించినందుకు ఇంకో సిగ్గు. రెండింటితో వ్యాన్ దగ్గరికి తిరిగొచ్చాడు. జరిగింది విని లెన్, "ఆ పాట ఇప్పుడు నీకంటే ఆ పిల్లకే ఎక్కువ అవసరం. మానెయ్యకు" అన్నాడు.

తర్వాతి కచేరీ అలెన్‌టౌన్‌లో. ఈసారి ట్రెంటే కిందికి దిగి తలుపు తట్టి తండ్రిని పిలిచాడు. పెట్టెలకు వస్తాను గాని లోపలికి రానన్నాడు లెన్. ఒకసారి నిలబడి వినడం తన వంతు, రోజూ వెళ్లి నిలబడితే పశ్చాత్తాపాన్ని ప్రదర్శనకు పెట్టినట్టుంటుందన్నాడు. అన్నట్టే పెట్టెలన్నీ దించి, పేపరు పట్టుకుని వ్యాన్‌లో కూర్చున్నాడు.

గేటు దగ్గర చేతులకు ముద్రలు వేస్తున్న అమ్మాయి దగ్గరికి ట్రెంట్ వెళ్లాడు. "వ్యాన్‌లో ఉన్నాయన మా నాన్న. లోపలికొస్తే ఆపకండి" అన్నాడు. ఆ అమ్మాయి మణికట్టు మీద ఆల్బంలోని ఆ మాటే పచ్చబొట్టుగా ఉంది. అతని వైపు ఒకసారి, వ్యాన్ వైపు ఒకసారి చూసి, స్లీవు కిందికి లాక్కుంది.

చివరి పాట ఒక్క మాట వదలకుండా పాడాడు ట్రెంట్. తండ్రి వచ్చి నిలబడ్డాడేమోనని గుమ్మం వైపు మాత్రం చూడలేదు. చూడ్డానికి ముఖం చెల్లలేదు.