కొత్త బండి గొంతు

కూతురు యూనీస్ కొన్న కొత్త బండి ముందు సాలొమోను స్పానర్ పట్టుకుని కూర్చున్నాడు. మొదటి సర్వీసు తానే చేయాలని ఆయన ఆశ.

"ఇంజను ముట్టొద్దు నాయనా, గ్యారంటీ పోతాది. బళ్లారి షోరూముకు తీసుకపోతా."

"తెక్కలకోట చుట్టూ పంపుసెట్లన్నీ నేను ఇప్పినవే గదమ్మా!"

"ఇది నీళ్లు పోసేది కాదు నాయనా. నన్ను డ్యూటీకి మోసేది."

సాలొమోను నవ్వి బండి స్టార్టు చేయమన్నాడు. పంపుసెట్లకు చేసినట్టే లోపలి చప్పుడు వినడానికి ఒక కర్ర కొన ఇంజనుకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకున్నాడు. తనకు తెలిసిన దబదబ శబ్దం రాలేదు. దూరాన వరిచేల మీద గాలి నడుస్తున్నట్టుంది. కళ్లు మూసుకుంటే తానూ ఆ గాలిలో తేలిపోతున్నాడు. ఈ గొంతులో నలత ఎలా వినబడుతుందో ఆయనకు తెలియదు.

కర్రతో పాటు స్పానర్ కూడా కింద పెట్టాడు.

"షోరూముకే పో. చైనుకు నూనె మాత్రం నేనే ఏస్తా."

"ఎయ్యి నాయనా," అంటూ యూనీస్ ఇంజను ఆపి, వెనక చక్రం మెల్లగా తిప్పింది.