ఆరున్నొకటి

కల్లంలో పోశన్న నోట రెండు మాటలు రావు. ఒకటి అనడు, ఏడు అనడు. మొదటి గంప ట్రాలీలో పడగానే "లాభం" అని మొదలుపెడతాడు. రెండు, మూడు అంటూ ఆరు దాటాక "ఆరున్నొకటి" అని, గబుక్కున ఎనిమిదిలోకి దూకుతాడు. వడ్ల రాశి ముందు నిలబడి ఏడు అంటే, ఏడవమన్నట్టే కదా! మోస్రా ఊరి కల్లాల్లో చిన్నపిల్లలు కూడా అక్కడికి వచ్చేసరికి నాలుక కరుచుకుంటారు.

ఆయన గొంతు రెండు మళ్ల అవతలికి వినబడేది. ఆ గొంతు పలికితే గంప లేచేది, ఆగితే ఆగేది. ట్రాలీకి ఆనించిన పలక మీద ఎవరి కాలు జారినా పోశన్న లెక్క ఆపేవాడు, కల్లమంతా నిలబడిపోయేది.

ఆ సంవత్సరం బాలనర్సయ్య పటేల్ కల్లంలోకి మర వచ్చింది. కూలీలంతా చెరకు నరకడానికి పోయారు. గంపలెత్తే మనిషి దొరకడం లేదు, ట్రాలీనేమో తొందరగా చెరకుకు తోలాలి. బోధన్ నుంచి జలీల్ మేస్త్రీ పొడవాటి ఇనుప గొట్టం తెచ్చాడు. దాని లోపల మెలికలు తిరిగిన రేకు, ఆ రేకును తిప్పడానికి ట్రాక్టర్ నుంచి పట్టా. గొట్టం కింది నోరు గుంతలో ఉంటుంది, పై మూతి ట్రాలీ మీద. గుంతలోకి వడ్లు నెడితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది.

"ఇగ నీ లెక్కతోని పనిలేదు కాకా. గీ మర ఊరంతటి గంపలు ఒక్కతే మోస్తది," అన్నాడు జలీల్. మంచివాడే పాపం. తన చేతి వస్తువు తిరుగుతున్నదన్న సంబరం.

పోశన్నకు ఒళ్లు మండింది. లెక్క పోయిందన్న ఉక్రోషం కొంత ఉంది, దాచేదేముంది? కానీ అసలు భయం వేరు. గుంత అంచున చీపురు పట్టుకుని వడ్లు నెడుతున్నది ఆయన ఒక్కగానొక్క బిడ్డ గంగుబాయి.

"గొట్టం నోటికి ఇనుప జాలీ ఏది జలీలూ?"

"పెట్టిన కాకా. గడ్డి అడ్డం పడి వడ్లు ఆగుతున్నయని తీసేసిన."

జలీల్ పోయి ట్రాక్టర్ మీద కూర్చున్నాడు. ట్రాలీ అడ్డం. అక్కడి నుంచి గుంత కనిపించదు.

"నువ్వు గమ్మునుండు బాపు," అంది గంగుబాయి. "ఎన్నేండ్లు మోసిన గంప! ఇయ్యాల మెడ తేలికున్నది." నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి ఆయన రాశి అవతలికి నడిచాడు.

ఎంతోసేపు కాలేదు. ఆమె పక్కన పెట్టిన చాట వడ్లతో పాటు జారి గుంతలో పడింది. పోశన్న "ఆపు!" అని అరిచాడు. జలీల్ ఆపేలోపే పై మూతి నుంచి చాట పుల్లలుపుల్లలుగా ట్రాలీలో రాలింది. పటేల్ నవ్వాడు.

ఆ తర్వాత పోశన్న పట్టా కిర్రుమంటే ఆపమన్నాడు, బిడ్డ పాదం అంచుకు పోతే ఆపమన్నాడు. జలీల్ ప్రతిసారీ ఆపి, దిగి వచ్చి చూసి, ఏమీ లేక తిరిగి పోయాడు. చివరికి పటేల్ విసుక్కున్నాడు. "ముసలోడు ఆపంటే ఆపకు జలీల్! పొద్దు గూకెదాక గిదే లొల్లి అయితది."

రాశి తరిగిపోతున్నది. ముందు వడ్లే నోటికి జారి వచ్చేవి, ఇప్పుడు ఊడ్చి ఇవ్వాలి. ఊడ్చినకొద్దీ గంగుబాయి గుంతకు దగ్గరవుతున్నది. పోశన్న రాశికి అవతల ఉన్నాడు. ఆమె వంగింది. నడుముకు చెక్కుకున్న కొంగు ఊడింది. కొంగు చివర గుంతలోకి పోయి, మళ్లీ రాలేదు. లాక్కుందామని ఎడమ చెయ్యి చాచింది.

"ఆపు! ఆపు జలీలూ!"

జలీల్ విన్నాడు. పటేల్ వైపు చూశాడు. పటేల్ వద్దని చెయ్యి ఊపాడు.

బిడ్డ గుంత మీదికి వంగిపోతున్నది. వడ్లలో పోశన్న కాళ్లు కూరుకుపోతున్నాయి, ముందుకు సాగడం లేదు. అప్పుడు ఆయన నోట్లోంచి ఆ మాట వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆయనకే తెలియదు.

"ఏడు!"

కల్లం ఉలిక్కిపడింది. పటేల్ చెయ్యి ఊపుతున్నది ఊపినట్టే ఆగిపోయింది. జలీల్ కూడా ఈ కల్లాల్లో పెరిగినవాడే. ఎవరి ముఖమూ చూడకుండా, ఇంజన్ ఆపే కమ్మి గుంజేశాడు.

ఇంజన్ ఆగినా పట్టా ఇంకొంచెం తిరిగింది.

కొడవలితో కొంగు కోశారు. చెయ్యి బయటికి వచ్చింది. రెండు వేళ్లు రాలేదు. గంగుబాయి ఏడవలేదు, అరవలేదు. చుట్టిన గుడ్డ ఎర్రబడుతుంటే గొట్టం పై మూతి వైపే చూస్తున్నది. జలీల్ గుంత పక్కన కూలబడ్డాడు. "బోధన్ దవాఖానకు తీస్కపోండ్రి!" అని పటేల్ అరిచాడు, అంతవరకూ ఎవరో అడ్డుకున్నట్టు.

తీసుకుపోవడానికి ఆ ట్రాక్టరే ఉంది. పట్టా ఊడదీసి, ట్రాలీలో వడ్ల మీదనే ఆమెను పడుకోబెట్టారు. పోశన్న ఎక్కి బిడ్డ తల ఒళ్లో పెట్టుకున్నాడు.

"బాపు," అంది గంగుబాయి మెల్లగా. "నా వేళ్లు గీ వడ్లల్లనే ఉన్నయా?"

ఆయన కింద చెయ్యి ఆనించబోయి, తీసేశాడు. ఏ గింజ మీద చెయ్యి పెట్టాలన్నా భయమేసింది.

జలీల్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడుకు గంగుబాయి ఒళ్లంతా బిగుసుకుంది. పళ్లు కరుచుకుపోయాయి, ఊపిరి తీయడం లేదు. పోశన్న ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"ఏడు బిడ్డా," అన్నాడు. "ఏడు."